నీళ్లు కొట్టే గంట

కొండలరావు ఆ శనివారం పొద్దున నిద్రపోవాల్సిన మనిషి. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, ఉప్పు వేసిన గంజి తాగి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. కళ్లు మూతలు పడుతుండగా పంపుహౌసు గోడ మీది గంట మొదలైంది. అలవాటైన చప్పుడే. ప్రతి శనివారం ఈ వేళకే మోగుతుంది. ఎందుకో ఇటు తిరిగాడు.

గుమ్మం దగ్గర అతని భార్య వరహాలమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. గంట మొదలవగానే ఆమె వేళ్లు ఆగిపోయాయి. తల ఎత్తలేదు, బయటికి చూడలేదు. చాట ఒళ్లో ఉంది, వేళ్లు బియ్యం మీద ఉన్నాయి. ఊరికే ఆగింది. గంట నెమ్మదించి, దెబ్బకీ దెబ్బకీ మధ్య దూరం పెరిగి, ఆఖరి దెబ్బ గాలిలో పలచబడిపోయేదాకా అలాగే ఉంది. తర్వాత వేళ్లు మళ్లీ కదిలాయి.

జరిగింది అంతే. కానీ కొండలరావుకి ఆ పూట నిద్ర పట్టలేదు. ఆ వారం గంట మోగించే వంతు, పంపుహౌసులో తనతో పాటు పనిచేసే నూకరాజుది.

రాయపూర్ పక్కన ఉర్లాలో అది ప్లాస్టిక్ సంచులు నేసే ఫ్యాక్టరీ. సిమెంటుకీ బియ్యానికీ వాడే తెల్ల సంచులు. మగ్గాల హాలు నిండా దారం, దారం తెగినచోటల్లా నూగు. బీమా వాళ్లు పట్టుబట్టిన మీదట పైకప్పు కింద ఈ చివరి నుంచి ఆ చివరికి ఎర్రరంగు పైపులు వేయించారు. పైపులకి రెండు బారల దూరానికొకటి చొప్పున ఇత్తడి మూతులు కిందికి వేలాడుతుంటాయి. ప్రతి మూతినీ చిటికెనవేలి గోరంత గాజుగొట్టం ఒకటి అడ్డుకుని ఉంటుంది. అందులో ఎర్రటి ద్రవం. పైపుల్లో నీళ్లు ఎప్పుడూ నిండుగా, బిగబట్టుకుని ఉంటాయి. కింద మంట లేస్తే ఆ వేడికి గాజు పగిలి నీళ్లు కుమ్మరిస్తాయి. ఎవరూ పరిగెత్తక్కర్లేదు, ఎవరూ మీట నొక్కక్కర్లేదు. ఒకటి పగిలితే హాలంతా పగిలి వరద వస్తుందని పనివాళ్లు మొదట్లో భయపడేవారు. అలా జరగదు. ప్రతి గాజూ తన కిందున్న వేడినే ఎరుగుతుంది. పక్కదాని కింద ఏముందో దానికి తెలియదు.

నీళ్లు కదిలినప్పుడు వాటిలో కొన్ని సన్నటి గొట్టంలోంచి పంపుహౌసు గోడకి పోయి ఒక చక్రాన్ని తిప్పుతాయి. చక్రం సుత్తిని తిప్పుతుంది, సుత్తి గంటని కొడుతుంది. కరెంటు లేకపోయినా మోగే గంట. అయితే పైపుల్లో నీళ్లు మంట లేకపోయినా ఒక్కోసారి తుళ్లిపడుతుంటాయి. ఆ మాత్రానికే గంట మోగితే రోజంతా మోగుతూనే ఉండాలి. అందుకని దారిలో ఒక ఇనపకుండ పెట్టారు. చిన్న చిన్న తుళ్లింతల నీళ్లన్నీ ఆ కుండలో పడి, అడుగునున్న కన్నంలోంచి కారిపోతాయి. నీళ్లు ఆగకుండా వస్తేనే కుండ నిండుతుంది, నిండితేనే గంట మోగుతుంది. కొత్తగా చేరినవాళ్లకి ఆ కుండ సంగతి ఇష్టంగా చెప్పేవాడు కొండలరావు. తనలో అలాంటి కుండ లేదని ఆ శనివారం మొదటిసారి అనుకున్నాడు.

గంట పాడవకుండా ఉందో లేదో చూడటానికి వారానికోసారి పరీక్ష ఉంటుంది. కుండని తప్పించి నీళ్లని నేరుగా గంటకి పంపే చిన్న వాల్వు ఒకటుంది. దాన్ని చేత్తో తిప్పాలి, గంట మోగనివ్వాలి, మళ్లీ మూసేయాలి. ఒక వారం కొండలరావు, ఒక వారం నూకరాజు. పంపుహౌసు వెనక గోడకి అవతలే క్వార్టర్లు. అక్కడ ఉన్నవాళ్లలో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లు.

సాయంత్రం లేచాక, టీ తాగుతూ, ఏమీ పట్టనట్టు అడిగాడు.

"పొద్దున గంట మోగినట్టుంది?"

"మోగింది బావా." వరహాలమ్మ అతని మేనమామ కూతురు. పెళ్లికి ముందూ బావే, పెళ్లయ్యాకా బావే.

"ఎలా మోగింది?"

"బాగా మోగింది."

మరుసటి శనివారం వంతు అతనిది. వాల్వు ఎప్పటిలా ఒక్క ఊపున తిప్పాడు. గంట గణగణమంది. ఒక్క ఊపున మూసేశాడు. ఆగింది. డ్యూటీ దిగి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ అడిగాడు.

"ఈవేళ?"

"ఈవేళ ఏటి?"

"గంట."

"గంట ఏటుంటాది బావా? గంటలాగే ఉంది. అన్నం ఎట్టీనా?"

ఆ రెండు జవాబులనీ అతను పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నాడు. ఒకటి బాగుంది. ఒకటి గంటలాగే ఉంది. ఇందులో ఏమీ లేదని తెలుసు. ఏమీ లేదని తెలియడం ఒక గదిలో, ఆలోచన మరో గదిలో ఉన్నాయి. ఆ రెండింటి మధ్య తలుపు లేదు.

తర్వాత కొళాయి దగ్గర మాట ఒకటి విన్నాడు. అతను సైకిలు గొలుసు సరిచేసుకుంటున్నాడు. పక్క క్వార్టరు అప్పలనరసమ్మ బిందె నింపుకుంటూ గొంతెత్తింది.

"ఓలమ్మా వరాలూ, మీ ఆయనకి ఆ గంట మీద పగేటే? ఆయన తిప్పితే సాలు, మా మనవడు ఉలిక్కిపడి లెగుస్తాడు. నూకరాజు తిప్పిన నాడు ఆ గుంట ఎదవ కదలడు. ఏలు నోట్లో ఎట్టుకుని అలాగే పడుంటాడు."

ఆడవాళ్లు నవ్వారు. వరహాలమ్మ కూడా నవ్వింది.

"మా బావ అంతే పిన్నీ. తలుపు కొట్టినా అంతే, గంట కొట్టినా అంతే. జల్దీ అయిపోవాల."

"అన్నిటికీ జల్దీయేనేటే?" అంది అప్పలనరసమ్మ. ఈసారి నవ్వు గట్టిగా లేచింది.

కొండలరావు గొలుసు వేసి, చేతుల నూనె తుడుచుకుంటూ ఆ నవ్వులో వరహాలమ్మ నవ్వుని విడిగా వినాలని చూశాడు. వినిపించలేదు. కలిసిపోయింది.

ఆ రోజే ఇంకొకటి తోచింది. ఈ క్వార్టర్లలోకి వచ్చాక వరహాలమ్మ ప్రతివాళ్లకీ ఒక వరస కట్టింది. అప్పలనరసమ్మ పిన్ని. గేటు దగ్గరుండే జోగయ్య, ఎక్కడో గోదావరి మనిషి, అతను బాబాయ్. మగ్గాల మేస్త్రి దానయ్య అన్నయ్య. కుట్టు సెక్షను సూరమ్మ పెద్దమ్మ. పరాయి ఊళ్లో ఉన్నవాళ్లకి అదొక అలవాటు. వరస లేకపోతే మాటకి పట్టు దొరకదు. అందరికీ వరస దొరికింది. నూకరాజుకి మాత్రం దొరకలేదు. అతను "నూకరాజు గారు". అన్నయ్య అనడానికి అడ్డమేమిటి? తమ్ముడు అనడానికి అడ్డమేమిటి? నాలిక చివరి దాకా వచ్చే మాటని ఏదో ఆపితేనే కదా "గారు" అవుతుంది.

నూకరాజు రాయపూర్‌లోనే పుట్టినవాడు. తండ్రి రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో చేశాడు. పెళ్లి కాలేదు, చెల్లెలికి చేసి కానీ చేసుకోనంటాడు. రామాలయం భజనలో ఢోలక్ వాయిస్తాడు. వాయించేటప్పుడు తల ఊపడు, కళ్లు మూసుకోడు. చేతులు మాత్రం ఎవరివో అయినట్టు వాటి పని అవి చేసుకుపోతాయి. కొండలరావు ఇంతకుముందు ఆ చేతులని ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు. పొడుగాటి వేళ్లు, శుభ్రంగా తీసిన గోళ్లు.

వంతు తనది కాని శనివారం ఒకటి, నిద్ర మానుకుని, ఏదో పానా మరిచిపోయినట్టు పంపుహౌసుకి వెళ్లాడు. నూకరాజు వాల్వు తిప్పుతున్నాడు. మూడు వేళ్లతో, పాపాయి చెవి పట్టుకున్నట్టు. మొదట గొట్టంలో నీళ్ల గురగుర. తర్వాత ఒక దెబ్బ. కాసేపాగి ఇంకొకటి. ఎవరో కొత్తవాళ్లు ఇంటికొచ్చి తలుపు తట్టినట్టు. తర్వాత వరస అందుకుని, చిక్కబడి, నిండుగా మోగింది. మూసేటప్పుడూ అంతే. విశ్వకర్మ పూజనాడు గంటకి పెట్టిన కుంకుమబొట్టు ప్రతి దెబ్బకీ కొద్దికొద్దిగా రాలుతోంది.

"అంత మెల్లగా ఎందుకు తిప్పుతావు?" అన్నాడు కొండలరావు.

"ఒకేసారి వదిలితే లోపల చక్రం మీద దెబ్బ పడుతుంది కదన్నా. మెల్లగా పోనిస్తే నీళ్లు ఖుద్ వాటి దారి అవే చూసుకుంటాయి."

"మోగిందా లేదా అన్నదే చెక్. భజన కాదు ఇది."

"సహీ బాత్, నిజమే." నూకరాజు నవ్వాడు. "కానీ అవతల వినేవాళ్లు ఉన్నారు కదన్నా."

"ఎవరు?"

"ఎవరేంటి, అందరూనూ. చిన్నపిల్లలు పడుకుని ఉంటారు కదా."

నూకరాజు ముఖంలో ఏమీ లేదు. లేకపోవడం కొండలరావుకి బాధగా ఉంది. ఏదైనా ఉంటే బాగుండును. దొంగతనం కనిపిస్తే దొంగని పట్టుకోవచ్చు. ఏమీ కనిపించని చోట వెతుకుతూ ఉండాల్సిందే. తను వెతుకుతున్నది తనకి దొరకకూడదని కోరుకుంటూనే, దొరకనందుకు కోపం తెచ్చుకుంటున్నాడు. ఆ సంగతి కూడా అతనికి తెలుసు. తెలిసీ ఆగలేకపోవడమే అన్నిటికన్నా ఎక్కువ అలిసిపోయేలా చేసింది.

తన వంతు వచ్చిన శనివారం అతను నూకరాజులా తిప్పాడు. మూడు వేళ్లతో. గురగుర, ఒక దెబ్బ, ఇంకొకటి. సిగ్గుగా ఉంది, పరాయివాడి చొక్కా తొడుక్కున్నట్టు. కానీ గంట బాగానే మోగింది. అచ్చంగా అలాగే మోగిందనిపించింది. మూసేటప్పుడు మాత్రం చెయ్యి పాత అలవాటుకి పోయి కొంచెం తొందరపడింది, అంతే.

ఇంటికొచ్చేసరికి వరహాలమ్మ కంచం పెట్టి కూర్చుని ఉంది.

"ఈవేళ ఎవలు తిప్పారు బావా?"

అతను కంచం ముందు కూర్చున్నాడు. ఇన్నాళ్లలో ఆమె తనంతట తను గంట గురించి అడగడం ఇదే మొదలు. "ఎందుకు?"

"ఏం లేదు. అలగ్‌గా, ఏరేగా ఉంటేనూ."

"నూకరాజు" అన్నాడు.

అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో అతనికే తెలియదు. ఆమె అతని ముఖంకేసి చూసింది. తర్వాత అతని కుడిచేతికేసి చూసింది. మజ్జిగ పోసింది. ఆ చూపుకి అతను చెప్పుకున్న అర్థం ఒకటే: ఆ పేరు వినగానే ఆమె ముఖం దాచుకోవడానికి చోటు వెతికింది.

ఇక అక్కడి నుంచి అన్నీ సాక్ష్యాలే. ఆమె కొత్త గాజులు వేసుకుంటే ఎందుకు వేసుకుంది. పాత గాజులే వేసుకుంటే ఎవరికీ అనుమానం రాకూడదనా. రామాలయానికి వెళ్తానంటే ఢోలక్. వెళ్లనంటే భయం. ఉతికి ఆరేసిన బట్టల మీద చుట్టుపక్కల ఉక్కు ఫ్యాక్టరీల నల్లబూడిద పడినట్టు, ఆమె చేసే ప్రతి పని మీదా ఆ ఒక్క ఆలోచన వచ్చి వాలేది. దులిపితే ఇంకా పులుముకునేది.

ఆఖరికి, వెనక్కి వెళ్లి, అతని జ్ఞాపకాల్లో అన్నిటికన్నా మంచిదాన్ని కూడా అది తాకింది.

కిందటి వేసవిలో నిజంగానే నిప్పంటుకుంది. ఒక మగ్గం మోటారులో మెరుపు లేచి నూగు అందుకుంది. పైన గాజు ఒక్కటి, ఒకే ఒక్కటి, పగిలింది. జనం హాలు దాటి బయటపడేసరికే నీళ్లు మంటని తొక్కేశాయి. గంట మాత్రం చాలాసేపు మోగింది. క్వార్టర్ల ఆడవాళ్లు గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. అందరికన్నా ముందు వరహాలమ్మ, చెప్పులు లేకుండా, జుట్టుముడి ఊడిపోయి, మే నెల రోడ్డు మీద. కొండలరావుని చూసి, ఏమీ మాట్లాడకుండా గేటు ఊచలు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో తనని ఎవరో కోరుకున్నారని అతనికి అంత గట్టిగా ఎప్పుడూ తెలియలేదు. ఆ కాళ్ల బొబ్బలకి అతనే వెన్న రాశాడు.

కానీ ఆ రోజు నూకరాజు కూడా లోపలే ఉన్నాడు.

ఈ మాట తట్టినప్పుడు అతను పంపు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడ్డాడు. ఆమె ఎవరి కోసం పరిగెత్తింది? గేటు దగ్గర తను నిలుచున్నది నూకరాజు పక్కనే కదా? ఆమె చూసింది తననేనా?

తెలుసుకోవడానికి ఒక్కటే దారి కనిపించింది. ఆ దారి కనిపించాక ఇంక వేరే ఏదీ కనిపించలేదు.

ఒక మంగళవారం నూకరాజు సెలవు పెట్టి ఆరంగ్ వెళ్లాడు, చెల్లెలికి సంబంధం చూడటానికి. క్వార్టర్లంతటికీ తెలిసిన సంగతే. తాంబూలంలోకి ఏమేం పట్టుకెళ్లాలో అప్పలనరసమ్మని అడిగి వెళ్లాడు. ఇద్దరిలో ఆ పొద్దున లోపలున్నది కొండలరావు ఒక్కడే. గంట మోగితే, ఇప్పుడు వరహాలమ్మ పరిగెత్తుకొస్తే, ఆ రోజూ తనకోసమే పరిగెత్తినట్టు. రాకపోతే.

వాల్వు మీద చెయ్యి పెట్టాడు. కొంచెంసేపు అలాగే ఉన్నాడు. మంచి మనిషెవరూ ఈ పని చెయ్యడనీ, తను ఇప్పుడు చేస్తాడనీ, రెండూ ఒకేసారి స్పష్టంగా తెలిశాయి. తిప్పాడు.

మంగళవారం మోగిన గంట శనివారం గంటలా ఉండదు. మగ్గాలు ఒకటొకటిగా ఆగాయి. అరుపులు. కుట్టు సెక్షను తలుపు దగ్గర ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. గేటు అవతల క్వార్టర్ల జనం పోగయ్యారు. పంపుహౌసు కిటికీలోంచి అతనికి గేటు కనిపిస్తోంది. అప్పలనరసమ్మ మనవణ్ణి చంకనేసుకుని, "ఒరే సూర్యారావూ, ఎక్కడున్నావురా నాయనా" అని లోపల పనిచేసే కొడుకు కోసం ఏడుస్తోంది. దానయ్య భార్య ఉంది. ఛత్తీస్‌గఢీ పనివాళ్ల తల్లులున్నారు. అతను ఒక్కొక్క ముఖాన్నే వెతికాడు. అప్పటికే మూసెయ్యాల్సిన వాల్వుని మూయలేదు. ఇంకా వస్తుందేమో. కూర పొయ్యి మీద ఉందేమో, దించి వస్తుందేమో. ఇంకొంచెం.

ఆమె రాలేదు.

మేనేజరు తివారీ వచ్చి, అతని చెయ్యి పక్కకి నెట్టి, వాల్వు మూశాడు. "ఆజ్ శనీచర్ హై క్యా, కొండల్‌రావ్?"

ఈ రోజు శనివారం కాదు. బయట సూరమ్మ గట్టు మీద కూర్చుని, వాచిన మణికట్టుని రెండో చేత్తో పట్టుకుని ఉంది. అతన్ని చూసి, "మంట లేదంట కదా బాబూ. పోన్లే, మంచిదే" అంది. ఆ మాట అతని చెవిన పడింది కానీ లోపలికి దిగలేదు. లోపల ఒక్కటే తిరుగుతోంది. రాలేదు.

ఇంటికెళ్లేసరికి వరహాలమ్మ వంట చేసి, గిన్నెల మీద మూతలు పెట్టి, గుమ్మంలో కూర్చుని ఉంది.

"గంట ఇన్నావా?"

"ఇన్నాను."

"ఊరంతా వచ్చారు. అప్పలనరసమ్మొచ్చింది. కాళ్లు లేని పైడయ్య ముసలాడు కూడా గేటు దాకా దేక్కుంటూ వచ్చాడు. నువ్వెందుకు రాలేదే?"

"నువ్వే కదా తిప్పినావు."

అతను నిలబడిపోయాడు.

"ఎలా తెలుసు?"

"ఎలా ఏటి? నీ సెయ్యి నాకు తెల్దా? మొదటి దెబ్బే ఇరగ్గొట్టినట్టు పడతాది. ఆ నాడు, ఆ నిప్పంటుకున్న నాడు, ఆ గంటలో సెయ్యి లేదు. మనిషి లేకుండా మోగింది. నువ్వున్నావో పోయావో తెల్దు. అందుకు పరిగెత్తాను. ఇయ్యాల నీ సెయ్యి ఇనబడింది. నీ సెయ్యి ఆడతన్నాదంటే నువ్వు బాగున్నట్టే కదా బావా. ఇంక పరిగెత్తడమెందుకు?"

ఆమె మామూలుగా చెప్పింది, ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు. అతను గోడకానుకుని కూర్చున్నాడు.

"మొన్నా నువ్వే. నూకరాజు అన్నావు" అంది. "సేతికేదైనా దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. సూస్తే ఏం లేదు. అబద్ధం ఎందుకాడినావో అర్థం కాలేదు. ఇప్పుడైంది."

"ఏమర్థమైంది?"

ఆమె మళ్లీ అతని కుడిచేతికేసి చూసింది. అతను ఇక దాచడంలో అర్థం లేదనుకున్నాడు.

"అతను తిప్పినప్పుడు నువ్వు ఆగిపోతావు. రాళ్లు ఏరడం ఆపేస్తావు. నేను చూశాను."

"బాగుంటాది బావా, ఇంటాను." ఆమె కళ్లెత్తి చూసింది. "బాగున్నది ఇనకూడదా?"

"అందరికీ వరసలు కట్టావు. అతనికెందుకు కట్టలేదు?"

"ఏమని కట్టను? ఆళ్ల అమ్మది మా అమ్మమ్మోళ్ల ఊరు. వరసకి ఆయన నాకు బావవుతాడు. అన్నయ్యా అనకూడదు. ఆ మాటకొస్తే బావా అనాల. అది నా కాడ ఒక్కటే ఉంది, నీకిచ్చీసినాను. మరి గారు అనక ఏమంటాను?"

కొండలరావుకి ఒక్క క్షణం ఊపిరి తేలికైంది. అడిగినవాటికి అన్నిటికీ జవాబు దొరికింది. ఇంతకన్నా మంచి జవాబులు ఏ మగవాడికీ దొరకవు. అంతలోనే, ఆ తేలికదనం అడుగున కన్నం పడింది. తన చెయ్యి ఆమెకి తెలియాలంటే రెండో చెయ్యి ఎలా ఉంటుందో కూడా తెలిసి ఉండాలి. ఎన్ని శనివారాలు విని ఉంటుంది. ఇక వరస. ఎప్పుడో, ఒక్కర్తే కూర్చుని, అమ్మమ్మ ఊరి దాకా వెళ్లి, నూకరాజు తనకి ఏమవుతాడో లెక్క చూసుకుంది. చూసుకుని, అతను పెళ్లాడదగ్గ వరస అని తెలుసుకుని, నోరు మూసుకుంది. ఆమె తన నిజాయితీని ఇచ్చింది. అతను అందులోంచి కూడా తనకి కావలసింది ఏరుకున్నాడు, చాటలో రాళ్లు ఏరుకున్నట్టు.

మరునాడు నూకరాజు ఆరంగ్ నుంచి వచ్చాడు. సంగతి విని నేరుగా తివారీ దగ్గరికెళ్లి, చక్రం పట్టేస్తోందనీ, ఒకసారి తిప్పి చూడమని తనే కొండలన్నకి చెప్పి వెళ్లాననీ అన్నాడు. తివారీ నమ్మలేదు. నమ్మకపోయినా ఉద్యోగం తియ్యలేదు. పంపుహౌసు నుంచి తప్పించి గోదాములో లారీల దగ్గర వేశాడు.

"ఎందుకు చెప్పావు?" అని అడిగాడు కొండలరావు, పానాల పెట్టె అప్పగిస్తూ.

"ఏదో ఒకటి చెప్పాలి కదన్నా" అన్నాడు నూకరాజు. "సంబంధం ఖాయమైంది. పెళ్లికి నువ్వూ వదినా రావాలి."

వదిన. ఆ మాట ఎంత సులువుగా అన్నాడు. కొండలరావు తల ఊపాడు. ఆ మంచితనానికి అతన్ని కొట్టాలనిపించింది. పెట్టెలో వాల్వు పిడికి తను చుట్టుకున్న గుడ్డపీలిక ఉంది, తన చేతి చెమటకి నల్లబడినది. తీసుకోవాలనుకుని, వదిలేశాడు.

ఇప్పుడు శనివారాలన్నీ నూకరాజువే. గోదాములో కొండలరావుకి శనివారం మధ్యాహ్నం నుంచి డ్యూటీ. పొద్దున ఇంట్లోనే ఉంటాడు.

మొదటి శనివారం అతను మంచం మీద కూర్చుని ఎదురుచూశాడు. ఎదురుచూస్తున్నానని గమనించాడు. వరహాలమ్మ చాట ముందు కూర్చుని ఉంది. గొట్టంలో నీళ్ల గురగుర గోడ అవతల నుంచి వినిపించింది. ఇంతకుముందు ఎప్పుడూ అది ఇంట్లోకి వినిపిస్తుందని అతనికి తెలియదు. ఆమె తల కొద్దిగా కదిలింది. మొదటి దెబ్బ పడకముందే చాట పక్కన పెట్టి లేచింది. వంటింట్లోకి వెళ్లింది. రోట్లో ఎండుమిరపకాయలు పోసి రోకలి అందుకుంది.

దంచడం మొదలుపెట్టింది. గట్టిగా, ఎడతెరిపి లేకుండా. మిరపకాయలు ఎప్పుడో నలిగిపోయి ఉంటాయి. ఘాటుకి ఆమె దగ్గుతోంది, అయినా ఆపడం లేదు. రోకలి చప్పుడు కింద గంట ఎక్కడో ఉంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులో ముక్కలు ముక్కలుగా వినబడుతోంది.

ఆమె తనకోసమే ఇలా చేస్తోందని అతనికి తెలిసింది. ఆ గంట ఆమెకి వారానికోసారి దొరికే చిన్న ముచ్చట. దాన్ని తన చేత్తోనే దంచేస్తోంది. లేచి వెళ్లి, రోకలి పట్టుకుని, ఆపు, విను అనాలి. అంతే చెయ్యాలి. లేవబోయాడు. కానీ ఆపితే ఆమె వింటుంది. వింటున్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో తను చూడాల్సి వస్తుంది.

అతను కూర్చునే ఉన్నాడు. చెవులు రిక్కించి, రోకలి చప్పుడు సందుల్లోంచి గంటని వెతుక్కుంటూ, అది ఎప్పుడు మెల్లబడుతుందా అని.

చివరికి లేచి వంటింటి గుమ్మంలోకి వెళ్లి, "ఇక చాల్లే వరాలూ" అన్నాడు.

రోకలి ఆగింది. బయట ఏ చప్పుడూ లేదు. గోడ అవతల కాలువలోకి నీళ్లు కారుతున్నాయి.

"ఆగిపోయిందా?" అన్నాడు.

"నాకు తెల్దు బావా." ఘాటుకి ఎర్రబడ్డ కళ్లు కొంగుతో ఒత్తుకుంది. "నాను ఇన్లేదు."

ఆమె ఏనాడూ అతనితో అబద్ధం చెప్పలేదు. ఇది కూడా నిజమేనని అతనికి పూర్తిగా తెలిసింది. అతను కోరుకున్నది ఇదే.